అమ్మ అర్ధరాత్రి అరుగు మీద ఎందుకు కూర్చుంది?

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం రోజు మా మండలంలో జరిగిన యువజన సభలో మాట్లాడిన మాటలు ఇవి. సభకి రాలేకపోయిన మిత్రులు అడిగితే రాసి పెడుతున్నాను. మా అమ్మ గురించి ఇందులో ఉన్నదంతా ఆమెకి చదివి వినిపించి, ఆమె సరే అన్నాకే పెడుతున్నాను.)



వానలో తడుస్తూ కొండ దిగి వచ్చిన అమ్మలకి, అక్కలకి, పెద్దలకి, వెనక నిలబడ్డ మా కుర్రాళ్ళకి వందనాలు.

ఈరోజు నన్ను పోడు పట్టాల గురించి మాట్లాడమన్నారు. దాని గురించి నాకంటే బాగా తెలిసిన అన్నలు ఇక్కడే ఉన్నారు, వాళ్ళు మాట్లాడతారు. నేను వేరే విషయం అడిగి తీసుకున్నాను. ముట్లు ఆగిపోయే వయసులో మన ఆడవాళ్ళ మనసుకి ఏమవుతుంది, మన ఊరి దగ్గరున్న సబ్‌సెంటరు దానికి ఏం చెయ్యాలి, ఇంట్లో మనం ఏం చెయ్యాలి. ఇదీ నా విషయం.

ఇప్పుడు వెనక నవ్వు వినిపించింది. పర్లేదు. రెండేళ్ళ కిందట ఎవరైనా ఇలా మైకు పట్టుకుని చెప్తే నేనూ నవ్వేవాణ్ణే. "మగపిల్లోడివి, నీకెందుకురా ఈ సంగతి" అని నిన్న రాత్రి మా పెదనాన్న కూడా అడిగాడు. ఎందుకో చెప్తాను.

మాది చింతపల్లి వైపు. డిసెంబరు, జనవరి వచ్చిందంటే లంబసింగిలో మంచు చూడ్డానికి మైదానం నుంచి జనం కార్లేసుకుని వస్తారు. స్వెట్టర్లు, టోపీలు పెట్టుకుని ఫొటోలు దిగుతారు. ఆ చలిలో, అర్ధరాత్రి రెండింటికి, మా అమ్మ ఇంటి బయట అరుగు మీద కూర్చునేది. దుప్పటి లేదు. పైట తీసి పక్కన పెట్టుకుని, చేటతో విసురుకుంటూ కూర్చునేది. మెడ మీద చెమట. ఏటైందమ్మా అంటే, "ఏటోరా, ఒంట్లో నిప్పులు పోసినట్టుంది. గుండె దడదడలాడతంది. నోపల పడుకోనేను" అనేది.

అప్పటికి అమ్మకి నలభై నాలుగో, నలభై అయిదో. ఆధార్ కార్డులో జనవరి ఒకటి అని ఉంటుంది కదా మన అందరికీ, అందుకే సరిగ్గా చెప్పలేను.

పగలు ఇంకో రకం. చిన్న మాటకి కోపం. వెంటనే ఏడుపు. కాఫీ పళ్ళు ఏరడానికి వెళ్ళి తోటలో చెట్టు కింద ఊరికే కూర్చుండిపోయేది. పొయ్యి మీద అంబలి పెట్టి మర్చిపోయేది. సంతకెళ్ళి ఏం కొనడానికి వచ్చిందో గుర్తురాక ఉత్త చేతుల్తో తిరిగొచ్చేది. థింసా అంటే ముందు వరసలో ఉండే మనిషి, ఆ ఏడాది ఇటుకల పండక్కి ఇంట్లోంచి బయటికే రాలేదు.

అప్పుడు నేను ఏం చేశాను? డిగ్రీ చదివినవాణ్ణి, సంఘంలో తిరిగేవాణ్ణి, హక్కుల గురించి ఊరూరా మాట్లాడేవాణ్ణి. ఇంటికొచ్చి, "అమ్మా, ఎందుకు ఊరికే అరుస్తావు, నీకేం తక్కువైంది" అని గట్టిగా అనేవాణ్ణి. అదీ నేను చేసింది. ఆ మాట అన్నప్పుడు అమ్మ మొహం ఎలా ఉందో నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఊళ్ళో ఏమనుకున్నారో కూడా చెప్పాలి. రాత్రిపూట పైట లేకుండా బయట కూర్చునే ఆడమనిషిని చూసి ఊరు ఏమనుకుంటుంది? మొదట గాలి సోకిందన్నారు. గురువు దగ్గరికి తీసుకెళ్ళాం, కోడిని ఇచ్చాం. తగ్గలేదు. తర్వాత పక్కింట్లో పసిపాపకి జ్వరం వస్తే, ఎవరో ఒక మాట అన్నారు. ఆ మాట ఏంటో ఇక్కడ అందరికీ తెలుసు. చిల్లంగి.

ఆ మాట పడ్డ ఆడవాళ్ళకి మన ఏజెన్సీలో ఏం జరిగిందో మీకు తెలుసు. తరిమేసిన ఇళ్ళున్నాయి, కొట్టిన ఊళ్ళున్నాయి, ప్రాణాలు పోయిన కుటుంబాలున్నాయి. ఇలాంటి మాట ఎక్కువగా ఎవరి మీద పడుతుందో ఒక్కసారి ఆలోచించండి. వయసు మళ్ళుతున్న ఆడమనిషి, మొగుడు పోయిన మనిషి, ఒంటరిగా కూర్చునే మనిషి, తనలో తను మాట్లాడుకునే మనిషి. చిల్లంగి అనేదంతా దీనివల్లే అని నేను అనను. భూమి తగాదాలు, పాత పగలు చాలా ఉంటాయి దాని వెనక. కానీ నిద్ర లేక, ఒళ్ళు మండి, మనసు చెదిరి బాధపడుతున్న మనిషిని చూసి "ఈమెకి ఏమైంది" అని అడగడానికి బదులు "ఈమె ఏం చేస్తోంది" అని అడిగే ఊళ్ళో, ఆ బాధే ఆమె మీద సాక్ష్యమైపోతుంది. మా ఇంటి గుమ్మం దాకా ఆ మాట వచ్చి ఆగింది. అందుకే ఇక్కడ నిలబడ్డాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

ఆడవాళ్ళకి ముట్లు ఒక్క రోజులో ఆగవు. వరసగా పన్నెండు నెలలు ముట్టు రాకపోతే, అప్పుడు ఆగిపోయింది అంటారు. దాన్నే మెనోపాజ్ అంటారు. మన పెద్దవాళ్ళు ముట్టుడిగింది అంటారు. లోకంలో ఎక్కువమందికి ఇది 45 నుంచి 55 ఏళ్ళ మధ్య వస్తుంది. మన దేశంలో సగటున 46, 47 ఏళ్ళకే వచ్చేస్తోంది. అయితే అసలు గడబిడ అంతా ఆగిపోవడానికి ముందున్న కొన్నేళ్ళలో ఉంటుంది. అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ అవుతూ చివరికి పడిపోతుంది. ముట్లు దగ్గర దగ్గరగా వస్తాయి, లేదా మూడు నెలలకోసారి వస్తాయి, కొందరికి రక్తం మరీ ఎక్కువగా పోతుంది.

ఈ హార్మోను పని గర్భసంచి దగ్గర ఆగిపోదు. ఒంటి వేడిని సరిచూసే చోటు మెదడులో ఉంటుంది, నిద్రని నడిపేది మెదడే, మనసుని నిలబెట్టేదీ మెదడే. వాటన్నిటి మీదా ఈస్ట్రోజెన్ ప్రభావం ఉంటుంది. అందుకే ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిర్లు, రాత్రి చెమటలు, గుండె దడ, నిద్ర తెగిపోవడం, మతిమరుపు, కంగారు, దిగులు. ఆవిర్లు కొందరికి కొన్ని నెలల్లో పోతాయి, కొందరికి ఏడెనిమిదేళ్ళు ఉంటాయి. రోజూ రాత్రి మూడుసార్లు లేచే మనిషి పగలు ఎలా ఉంటుంది? మనం రెండు రాత్రులు జాగారం చేస్తేనే మూడో రోజు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడం.

ఇంకో మాట కూడా చెప్పాలి. ముట్లు ఆగిపోయే ప్రతి ఆడమనిషీ దిగులులో పడిపోదు. చాలామందికి పెద్ద ఇబ్బంది ఉండదు. "హమ్మయ్య, పీడ పోయింది" అని సంతోషపడేవాళ్ళు కూడా ఉన్నారు, అదిగో అక్కడ మా అత్తలు నవ్వుతున్నారు చూడండి. కానీ ఈ మార్పు జరిగే కాలంలో డిప్రెషన్ లక్షణాలు వచ్చే అవకాశం పెరుగుతుందని డాక్టర్లు గట్టిగానే చెప్తున్నారు. ముందెప్పుడైనా డిప్రెషన్ వచ్చినవాళ్ళకి, కాన్పు తర్వాత దిగులు పడ్డవాళ్ళకి, నిద్ర బాగా పాడైనవాళ్ళకి ఆ అవకాశం ఇంకా ఎక్కువ.

దానికి మన బతుకు తోడవుతుంది. ఆ వయసుకే మన అమ్మలకి కొడుకులు వలస పోయి ఉంటారు, కూతుళ్ళు పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయి ఉంటారు, ఇంట్లో సారా ఉంటుంది, సంఘంలో అప్పు ఉంటుంది. కాన్పుల్లో పోయిన బిడ్డల దుఃఖం ఉంటుంది, దాన్ని ఎవరితోనూ చెప్పుకోలేదు. రక్తహీనత ఉంటుంది. కాబట్టి ఇదంతా హార్మోన్లే అని ఒక డాక్టరు చెప్పి పంపేస్తే అది సగం నిజం. ఇదంతా కష్టాల వల్లే, అందరికీ ఉండేదే అని మనం కొట్టిపారేస్తే అదీ సగం నిజమే.

మళ్ళీ మా అమ్మ దగ్గరికి వస్తాను. గురువు అయ్యాక ఊళ్ళోకి వచ్చే ఆర్‌ఎంపీ. బలం ఇంజక్షన్, నిద్ర మాత్రలు. ఆ మాత్రలు వేసుకుంటే పొద్దున్న లేవలేకపోయేది, రెండుసార్లు వాగు దగ్గర తూలి పడింది. తర్వాత కొండ దిగి మైదానంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. స్కానింగ్ తీశారు. "గర్భసంచిలో చిన్న గడ్డలున్నాయి, ముట్లు కూడా ఎలాగూ ఆగిపోయే వయసే, తీసేస్తే అన్నీ తగ్గిపోతాయి" అన్నారు. నిద్ర గురించి అడగలేదు. మనసు గురించి అడగలేదు. ఎంతవుతుందో మాత్రం చెప్పారు. మిరియాల పంట మీద అడ్వాన్సు తీసుకుందామని ఇంటికొచ్చాం.

ఇది మా ఇంటి కథ ఒక్కటే కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో దాదాపు ఎనిమిదిమంది. దేశంలోనే మన రెండు రాష్ట్రాలు ముందున్నాయి. దేశంలో ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయి. అవసరం లేకుండా గర్భసంచులు తీసేయడం మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2023 ఏప్రిల్‌లో కోర్టు, దీన్ని ఆపడానికి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు రాష్ట్రాలన్నీ అమలు చెయ్యాలని చెప్పింది.

గర్భసంచి తీస్తే మనసుకేంటి సంబంధం అనొచ్చు. దాంతోపాటు రెండు అండాశయాలూ తీసేస్తే, నాలుగైదేళ్ళు నెమ్మదిగా జరగాల్సిన మార్పు ఒక్క రోజులో జరిగిపోతుంది. ముప్ఫై అయిదేళ్ళ మనిషి పొద్దున్న ఆపరేషన్ టేబులెక్కి, సాయంత్రానికి ముట్టుడిగిన మనిషై దిగుతుంది. ఆవిర్లు, నిద్రలేమి, దిగులు, ఎముకల బలహీనత అన్నీ ఒక్కసారే మీద పడతాయి. అండాశయాలు ఉంచినా కొందరికి ముందుగానే ఆగిపోతాయి. ఏం తీశారో, ఏం ఉంచారో మన ఆడవాళ్ళలో చాలామందికి తెలీదు. కాగితం మైదానం భాషలో ఉంటుంది, సంతకం వేలిముద్రతో అవుతుంది. కాబట్టి ఇంట్లో ఎవరికైనా ఆ ఆపరేషన్ అయ్యుంటే, ఆ కాగితం వెతికి సబ్‌సెంటర్లో చూపించండి. చిన్న వయసులో అండాశయాలు తీసేసినవాళ్ళకి హార్మోను మందులు అవసరమవుతాయి, ఇవ్వొచ్చా లేదా అన్నది డాక్టరు చూసి చెప్పాలి.

గర్భసంచి ఆపరేషనే వద్దని నేను చెప్పట్లేదు. క్యాన్సర్ ఉంటే, మందులకి లొంగని రక్తస్రావం ఉంటే అది ప్రాణం కాపాడుతుంది. ముట్లు ఏడాది ఆగిపోయాక మళ్ళీ ఒక్క చుక్క రక్తం కనబడినా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఇది మాత్రం మర్చిపోవద్దు. నేను వద్దనేది, నిద్ర పట్టని మనిషికి, దిగులుతో ఉన్న మనిషికి మందుగా గర్భసంచి తీసేయడాన్ని.

మా అమ్మ ఆపరేషన్ ఎలా ఆగిందంటే, ఒక బుధవారం వల్ల ఆగింది. బుధవారం అంటే సబ్‌సెంటర్లో టీకాల రోజు. మా చెల్లెలి పాపకి టీకా వేయించడానికి అమ్మ తోడెళ్ళింది. అక్కడున్న సీహెచ్‌ఓ పాప బరువు చూసి, కార్డు రాసి, తలెత్తి అమ్మని చూసి, "పెద్దమ్మా, నీ మొహం ఏటి అలాగుంది, రాత్రి నిద్ర పడతందా?" అని అడిగింది. అంతే. అమ్మ అక్కడే ఏడ్చేసింది. అప్పటికి ఏడాదిన్నర. గురువు, ఆర్‌ఎంపీ, ప్రైవేటు డాక్టరు, డిగ్రీ చదివిన కొడుకు, ఇంతమందిలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆ అమ్మాయి.

ఆమె ఏం చేసిందో వరసగా చెప్తాను. ఇందులో పెద్ద ఆసుపత్రి పని ఏదీ లేదు, అందుకే చెప్తున్నాను. ముట్లు ఎలా వస్తున్నాయో అడిగింది. రక్తం పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 8. బీపీ, షుగరు చూసింది. థైరాయిడ్ పరీక్షకి రక్తం పైకి పంపింది, ఎందుకంటే థైరాయిడ్ తేడా వచ్చినా గుండె దడ, నిద్రలేమి, దిగులు ఇలాగే ఉంటాయి. ఈ-సంజీవని వీడియోలో లేడీ డాక్టరుతో మాట్లాడించింది, తర్వాత పీహెచ్‌సీకి పంపింది. ఆ స్కాన్ కాగితం పీహెచ్‌సీలో చూసి, ఈ గడ్డలు చిన్నవి, ఇప్పుడు ఆపరేషన్ అక్కర్లేదు, రక్తస్రావానికి మందులున్నాయి అన్నారు. ఐరన్ మాత్రలు ఇచ్చారు. నిద్ర మాత్రలు ఒక్కసారే మానకుండా నెమ్మదిగా తగ్గించారు. అన్నిటికంటే ముఖ్యంగా, "నీకు పిచ్చి లేదు, గాలి సోకలేదు, నీ ఒంట్లో ఇది జరుగుతోంది, ఇది తగ్గుతుంది" అని చెప్పారు. నెలకి రెండుసార్లు రమ్మన్నారు, రాకపోతే ఆశా అక్క ఇంటికొచ్చి అడిగింది.

సినిమాలోలాగా మర్నాడే బాగైపోయిందని చెప్పను. ఏడెనిమిది నెలలు పట్టింది. ఇప్పటికీ ఒక్కో రాత్రి అరుగు మీద కూర్చుంటుంది. తేడా ఏంటంటే ఇప్పుడు మా నాన్నో నేనో ఆమె పక్కన కూర్చుంటాం.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఆ బుధవారం మా అమ్మ టీకాకి తోడెళ్ళకపోతే? ఆ రోజు సీహెచ్‌ఓ సెలవైతే? ఆమెకి మన మాట రాకపోతే? మనవాళ్ళ ఆరోగ్యం ఇలా అదృష్టం మీద నడుస్తోంది.

మన ఊరికి వచ్చే ఆరోగ్య కార్యక్రమాలు లెక్కపెట్టండి. గర్భిణికి కార్డు, పౌష్టికాహారం, కాన్పుకి డబ్బులు, నెలలు నిండితే వసతి గృహం, బిడ్డకి టీకాలు. ఇవన్నీ కావాలి, వీటి కోసం మనం కొట్లాడాం, డోలీలో మోసుకెళ్ళిన ప్రతి బాలింత పేరూ మనకి గుర్తే. కానీ కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయిన రోజు నుంచి ఆ ఆడమనిషి తలుపు ఎవరూ తట్టరు. బిడ్డని కనేంతవరకే ఆమె లెక్కలో ఉంటుంది. ఆ తర్వాత ఇంకా ముప్ఫై, నలభై ఏళ్ళు బతకాలి కదా మిత్రులారా.

ఇందులో నాకు కోపం తెప్పించిన సంగతి చెప్తాను. 30 ఏళ్ళు దాటిన ప్రతి మనిషికీ ఆశా కార్యకర్త ఒక ఫారం నింపాలి. సీబ్యాక్ ఫారం అంటారు. బీపీ, షుగరు, క్యాన్సర్లు ముందే పట్టుకోవడానికి. దాంట్లో మనసుకి సంబంధించి రెండు ప్రశ్నలు ఇప్పటికే ఉన్నాయి. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి, సంతోషం లేకుండా పోయిందా? దిగులుగా, నిరాశగా అనిపించిందా? ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు. మొత్తం మూడు దాటితే సీహెచ్‌ఓకో పీహెచ్‌సీ డాక్టరుకో పంపాలి. అదే ఫారంలో, ముట్లు ఆగిపోయాక రక్తం కనబడిందా అన్న ప్రశ్న కూడా ఉంది. అంటే ఈ వయసు ఆడమనిషి దగ్గర కూర్చుని అడగాల్సిన ప్రశ్నలు సగం కాగితం మీద ఉన్నాయి. మరి ఎందుకు పట్టుకోలేకపోతున్నారు?

ఒకటి, ఆ రెండు ప్రశ్నలు చాలాచోట్ల అడగకుండానే సున్నా వేసేస్తున్నారు. ఆశా అక్కల్ని నేను తప్పు పట్టను. వాళ్ళకి ఎన్ని రిజిస్టర్లు, ఎంత జీతం, ఎన్ని కొండలో మనకి తెలుసు. రెండు, భాష. మా ఊళ్ళో సగం ఇళ్ళు కువి మాట్లాడతాయి, మిగతావాళ్ళకి ఆదివాసీ ఒడియా, తెలుగు. "ఆసక్తి తగ్గిందా" అని పుస్తకం తెలుగులో అడిగితే మా అవ్వ ఏం చెప్తుంది? మనవాళ్ళు డిప్రెషన్ అని చెప్పరు. ఒళ్ళు మంట, గుండె బరువు, తల తిరుగుడు, కాళ్ళు లాగడం, ఏదీ తోచట్లేదు, పనికి చెయ్యి రావట్లేదు అంటారు. అవి మోకాళ్ళ మాత్రలతో తిరిగొచ్చేస్తాయి. మూడు, ముట్ల సంగతినీ మనసు సంగతినీ కలిపి అడగమని ఎవరికీ చెప్పలేదు.

జీవో 3 కోసం మనం ఎందుకు రోడ్డెక్కాం? బడిలో మన పిల్లల భాష తెలిసిన మనిషి ఉండాలనే కదా. సబ్‌సెంటర్లో కూడా అదే న్యాయం. మా అమ్మ ఆ రోజు ఏడవగలిగింది అంటే, అడిగిన మనిషి మన యాసలో అడిగింది కాబట్టి.

అందుకే ఈ సభ నుంచి మనం అడగాల్సినవి అయిదు చెప్తాను.

మొదటిది, నలభై దాటిన ప్రతి ఆడమనిషినీ సబ్‌సెంటర్లో ఏడాదికి ఒక్కసారైనా కూర్చోబెట్టి ముట్లు, నిద్ర, మనసు, మూడూ కలిపి అడగాలి. గోడ చాటున, వేరే మగవాళ్ళు లేకుండా.

రెండోది, దిగులు అన్న మనిషికి మాత్ర రాసే ముందు హిమోగ్లోబిన్, బీపీ, షుగరు, థైరాయిడ్ చూడాలి. సికిల్ సెల్ పరీక్ష మన ప్రాంతంలో ఎలాగూ చెయ్యాలి, 2023 జూలైలో దాని కోసమే జాతీయ మిషన్ మొదలుపెట్టారు. ఇక్కడ మన అమ్మల పేర్లు కూడా ఉండాలి, బడిపిల్లలవే కాదు.

మూడోది, సీహెచ్‌ఓలకి, ఏఎన్‌ఎంలకి, ఆశాలకి దీని మీద శిక్షణ, మన భాషల్లో. మనవాళ్ళు బాధని ఏ మాటల్లో చెప్తారో రాసి ఇవ్వడానికి మన యువత సిద్ధంగా ఉంది.

నాలుగోది, పీహెచ్‌సీలో కౌన్సెలింగ్, డిప్రెషన్ మందులు, అవసరమైనవాళ్ళకి హార్మోను మందుల గురించి చెప్పే డాక్టరు. ఆవిర్లకి హార్మోను మందులు బాగా పనిచేస్తాయి, కానీ రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళకి, రక్తం గడ్డ కట్టే జబ్బున్నవాళ్ళకి పనికిరావు, కాబట్టి డాక్టరు చూసే ఇవ్వాలి. జిల్లా మానసిక వైద్యుడు నెలకోసారైనా ఏజెన్సీ ఆసుపత్రులకి రావాలి.

అయిదోది, గర్భసంచి తీయాలని ఏ ఆసుపత్రి చెప్పినా, ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో రెండో అభిప్రాయం ఉచితంగా దొరకాలి.

ఇవి దయ చూపించమని అడగడం కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 18వ సెక్షన్, మానసిక వైద్యం ప్రతి మనిషి హక్కు అని రాసింది. ప్రాథమిక స్థాయి నుంచి అన్ని ఆసుపత్రుల్లో ఆ సేవ కలిపి ఉండాలని రాసింది. గిరిజన ప్రాంతంలో మూడు వేల జనాభాకి ఒక సబ్‌సెంటరు, ఇరవై వేలకి ఒక పీహెచ్‌సీ అన్నది ప్రభుత్వం సొంత లెక్క. 1996 పెసా చట్టం, అయిదో షెడ్యూలు ప్రాంతంలో సామాజిక రంగాల సంస్థల మీద, అక్కడి ఉద్యోగుల మీద గ్రామసభకి, పంచాయతీకి అదుపు ఉండాలని చెప్పింది. గనుల మీద తీర్మానం చెయ్యడం మనకి వచ్చు. సబ్‌సెంటర్లో ఈ ఏడాది నలభై దాటిన ఎంతమంది ఆడవాళ్ళని అడిగారు, ఎంతమందిని పైకి పంపారు అని గ్రామసభలో లెక్క అడగడం కూడా నేర్చుకుందాం. పేర్లు వద్దు, లెక్క చాలు.

చివరిగా మా కుర్రాళ్ళతో రెండు మాటలు. ప్రభుత్వం మారేదాకా ఆగక్కర్లేని పనులు కొన్ని ఉన్నాయి.

ఇంటికెళ్ళి అమ్మని, పెద్దమ్మని, అత్తని నిద్ర పడుతోందా అని అడగండి. ముట్ల గురించి అడగడానికి సిగ్గైతే నిద్ర గురించి అడగండి, చాలు. అరిస్తే తిరిగి అరవొద్దు. కట్టెల మోపు, నీళ్ళ బిందె ఆ ఏడాది మీరు ఎత్తండి. సబ్‌సెంటరుకి తోడెళ్ళండి, కానీ లోపల ఆమెని ఒంటరిగా మాట్లాడనివ్వండి. నిద్ర మాత్రలు కొట్టులో కొని ఇవ్వొద్దు.

"చచ్చిపోతే బాగుణ్ణు" అని ఏ ఆడమనిషి అన్నా, ఊరికే అంటోందిలే అనుకోవద్దు. పక్కన ఉండండి, పురుగుల మందు డబ్బా ఇంట్లోంచి తీసేయండి, అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. 14416 అని టెలీ మానస్ నంబరుంది, ఏ టైములోనైనా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. సిగ్నల్ లేని ఊళ్ళకి అది ఉపయోగం లేదని నాకు తెలుసు. అందుకే టవరు కోసం కూడా అడుగుతున్నాం. అప్పటిదాకా సిగ్నల్ దొరికే గట్టు మీదికి ఆమెని మీరే తీసుకెళ్ళాలి.

ఇంక చిల్లంగి. ఆ మాట మీ ముందు ఎవరైనా అంటే అక్కడే ఆపండి. మా అమ్మ విషయంలో ఆపింది నేను కాదు. ఆశా అక్క ఆపింది. పసిపాప జ్వరానికి రక్తం తీసి మలేరియా అని చూపించి, "ఇదీ కారణం, ఇంకోసారి ఆ మాట అంటే నేనూరుకోను" అని ఊరి మధ్యలో నిలబడి చెప్పింది. సంఘంలో తిరిగే నేను ఆ రోజు తల దించుకుని నిలబడ్డాను.

నిన్న రాత్రి ఈ కాగితం అమ్మకి చదివి వినిపించాను. మొత్తం విని, "నానరిసినదంతా సెప్పీసావు గానీ, నువ్వరిసినది కూడా సెప్పు" అంది. చెప్పానమ్మా. అందరి ముందూ చెప్పాను. అదిగో, మూడో వరసలో కూర్చుంది. ఈ సంక్రాంతికి థింసా ఆడతానని మాట కూడా ఇచ్చింది.

జోహార్. జై ఆదివాసీ.